వెళ్లిన జీవుడు తిరిగి వచ్చే దారి

తంత్రం పేరెత్తగానే మనవాళ్లకు చేతబడి, బాణామతి గుర్తొస్తాయి. ఆ భయం మాటున ఒక గొప్ప విద్య మరుగున పడిపోయింది. జీవుణ్ణి ఉన్నచోటి నుంచి కదిలించే సాధన చాలా జాతుల్లో ఉంది. ఓడిన్ దేవుడి దేహం నిద్రపోయినట్టో చచ్చినట్టో పడి ఉంటే, అతడు పక్షిగానో పాముగానో దూరదేశాలు తిరిగి వచ్చేవాడని 13వ శతాబ్దపు ఐస్‌లాండ్ రచయిత స్నోరి స్టర్లుసన్ రాశాడు. మనకు శంకరాచార్యుల పరకాయప్రవేశ కథ ఉంది. ఆయన అమరుక మహారాజు దేహంలో ఉన్నన్నాళ్లూ శిష్యులు గురువు శరీరానికి కాపలా కాశారు. వెళ్లడం కన్నా తిరిగి రావడమే కష్టమని ఆ కాపలాయే చెబుతోంది. ఆ తిరుగు దారిని బెంగాల్ తంత్రం అడుగడుగునా నేర్పింది. దాని అసలు విలువ అక్కడే ఉందని నా నమ్మకం.

ఆ విద్య పేరు భూతశుద్ధి, అంటే దేహంలోని పంచభూతాల శుద్ధి. కలకత్తా హైకోర్టు న్యాయమూర్తి జాన్ ఉడ్రాఫ్, మిత్రుడు అటల్ బిహారీ ఘోష్ సాయంతో, ఆర్థర్ అవలాన్ పేరు మీద 1913లో ఇంగ్లీషులోకి తెచ్చిన మహానిర్వాణ తంత్రంలో దాని క్రమమంతా ఉంది. సాధకుడు దేహంలో నిద్రాణంగా ఉన్న కుండలిని శక్తిని వెన్ను అడుగునున్న మూలాధారం నుంచి పైకి నడిపిస్తూ పృథ్విని నీటిలో, నీటిని అగ్నిలో, అలా ఒక్కో తత్త్వాన్నీ పైదానిలో లయం చేస్తాడు. ఆ తర్వాత పొట్ట ఎడమ పక్కన బొటనవేలంత నల్లని పాపపురుషుణ్ణి ఊహించుకోవాలి. ఎర్రగడ్డం, ఎర్రకళ్లు, చేతిలో కత్తీ డాలూ, వంచిన తల. ఎడమ ముక్కుతో గాలి పీలుస్తూ ‘యం’ బీజాన్ని 16 సార్లు జపిస్తే వాడు ఎండిపోతాడు. ఊపిరి బిగబట్టి 64 సార్లు ‘రం’ అంటే కాలిపోతాడు. ఊపిరి వదులుతూ 32 సార్లు ‘వం’ అంటే అమృతం కురుస్తుంది. చివర ‘లం’తో కొత్త దేహం గట్టిపడుతుంది. ప్రాణాన్ని మళ్లీ గుండెలో నిలపందే పూజ ముందుకు సాగదు. కూల్చిన దాన్ని కట్టేదాకా సాధకుణ్ణి లేవనివ్వని ఈ పట్టుదల నాకు మహా అబ్బురం.

ఇదంతా ఊహే కదా అంటారు. అవును, ఊహే. తంత్రం దాన్ని దాచలేదు, భావించమనే చెప్పింది. ఊపిరి లెక్కకు కట్టుబడిన ఊహ మనసును ఒకచోట నిలుపుతుంది, భయానికి ఒక రూపమిచ్చి దాన్ని కాల్చే పని చేతికిస్తుంది. మహానిర్వాణ తంత్రం ప్రాచీనం కాదని, 18వ శతాబ్దపు బెంగాల్లో పుట్టిందని కొందరు పండితుల వాదన. కావచ్చు. భూతశుద్ధి మాత్రం అంతకు ఎంతో ముందు నుంచీ తంత్రాల్లో ఉన్నదే. మారణం, ఉచ్చాటనం లాంటి క్రూరకర్మలు కూడా ఆ గ్రంథాల్లోనే ఉన్నాయన్న ఆక్షేపణ నిజం, దాన్ని కప్పిపుచ్చకూడదు. కానీ మన పల్లెల్లోనూ బెంగాల్ పల్లెల్లోనూ మంత్రగత్తె అన్న నింద మోసి దెబ్బలు తిన్న ఆడవాళ్లకు ఈ గ్రంథాలతో ఏ సంబంధమూ లేదు. వాళ్లలో చాలామంది దిక్కులేని వితంతువులు, పొలం తగాదాల్లో చిక్కుకున్నవాళ్లు.