జూరాల గేట్లు ఎత్తకముందే

మా నాయన పుట్టిన మిద్దే, నీకు దండం. తట్టడానికి తలుపు లేదు నీకు, తలెత్తి చూడడానికి కప్పు లేదు. శ్రీశైలం డ్యాం 885 అడుగులకు నిండితే నీవు కృష్ణమ్మ కడుపులో ఉంటావు. ఎండలు ముదిరి, నీళ్లు వెనక్కి జరిగి, సంగమేశ్వరం గుడి బయటపడే రోజుల్లో నీవూ కనబడతావు. మోకాలెత్తు గోడలు, నెర్రెలిచ్చిన ఒండ్రు, ఒక నాపరాతి గడప.

ఒక్క అంగ వేస్తే గోడ దాటొచ్చు. నాయన దాటలేదు. చెప్పులు విడిచి, చుట్టూ తిరిగి, వాకిలి ఉన్న చోటి నుంచే లోపలికి వచ్చినాడు.

నీ చౌడుమట్టికి దండం. వానలకు ముందే మిద్దెపైన చౌడు పరిచిన చేతులు నాయనవి. అపార్ట్‌మెంటు ఐదో అంతస్తులో ఉన్నా, తొలకరి పడితే ఆయన కళ్లు ఇప్పటికీ పైకప్పునే వెతుకుతాయి. నీ గవాక్షికి దండం, అవ్వ పొద్దు చూసుకున్న గడియారం అదే. ఎద్దులు మేసిన గాడికి దండం.

అన్నిటికంటే నీ జొన్నల పాతరకు దండం. ఒండ్రు నిండిన ఆ గుంత దగ్గర నాయన చాలాసేపు నిలబడినాడు. పాతర మూత తీసిన వెంటనే లోపలికి దిగితే మనిషి బతకడంట. లోపలి చెడుగాలి పోయేదాకా కాచుకోవాలి. నా ఉద్యోగానికి, నా పెండ్లికి, ఇల్లు కొనడానికి ఆయన అన్నదొకటే మాట: "ఆగు, గాలి పోనీ." పిరికితనమనుకుంటిమి ఇంటిల్లిపాదీ. ఆకలికీ ప్రాణానికీ నడుమ నిలబడి నేర్చిన మాట అది.

1981లో ఊరు ఖాళీ అయింది. దూలాలు, దంతెలు, ద్వారబంధాలు ఊడబెరికి బండ్లకెత్తినారు. కూడవెల్లిలోని మరో సంగమేశ్వరుని గుడిని రాయి రాయి విప్పి ఆలంపూరులో మళ్లీ నిలబెట్టినారు. నిన్ను విప్పింది మళ్లీ కట్టడానికి కాదు. ఉద్యోగమిస్తామన్న జీవో 98 పట్టుకొని నిర్వాసితుల పిల్లలు ఏండ్ల తరబడి ఆఫీసుల చుట్టూ తిరిగినారు. నీ మీద నిలిచిన నీళ్లు కరెంటయినాయి, పోతిరెడ్డిపాడు గేట్లు దాటి పైర్లయినాయి, మద్రాసులో కొళాయి నీళ్లయినాయి. కోపం లేదా అంటే, నాయనకు లేదు. "మంచిదే కదా, తాగనీ" అంటాడు. నాకుంది.

పోయేముందు ఆయన పొయ్యి ఉన్న మూలను చేత్తో తుడిచి, అక్కడ కూర్చోమన్నాడు నన్ను. కూర్చున్నాను. ముందు ఎవరు కూర్చునేవాళ్లో, ఎవరికి ముందు పెట్టేవాళ్లో, ఎవరు అన్నం చాలకున్నా చాలిందని లేచేవాళ్లో చెప్పినాడు. చివరిది అవ్వ.

ముంపు ఊర్ల పిల్లలారా, పెద్దలకు కాళ్లు ఆడుతున్నప్పుడే తీసుకుపోండి. ఎండాకాలమే పోండి. ఎగువన జూరాల డ్యాం గేట్లు ఎత్తినారంటే మళ్లీ ఎండాకాలం దాకా దారి లేదు.