సాలూరు సితారూ సైబరాబాద్ గిటారూ

1998 నవంబరులో మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను వాజ్‌పేయి ప్రారంభించారు. రమణ గోగుల అనే ఇంజనీరు 'ప్రేమంటే ఇదేరా'తో తెలుగు సినిమా సంగీత దర్శకుడైందీ ఆ ఏడాదే. ఒకదానితో ఒకటి సంబంధం లేని సంగతులే. అయినా వారమంతా కోడ్ రాసి శనివారం సాయంత్రం గిటారు అందుకునే హైటెక్ సిటీ కుర్రాళ్లకు సినిమా సంగీతంలో పెద్దన్న ఎవరంటే నాకు ముందు గోగులే గుర్తొస్తారు. ఉద్యోగమూ పాటా రెండూ వదలని మనిషి ఆయన.

గోగులది విశాఖపట్నం. ఆ ఉత్తరాంధ్రలోనే, సాలూరు దగ్గరి శివరామపురంలో మృదంగ విద్వాంసుడి ఇంట పుట్టారు సాలూరి రాజేశ్వరరావు. సితార్, సుర్‌బహార్, మాండొలిన్, పియానో, హార్మోనియం, తబలా, మృదంగం, ఢోలక్, చివరికి ఎలక్ట్రిక్ గిటారు కూడా ఆయన చేతికి లొంగాయి. ఇద్దరూ పరాయి సంగీతాన్ని ఇంటికి తెచ్చినవాళ్లే. తెచ్చి ఏం చేశారన్న దగ్గరే దారులు చీలాయి.

రాజేశ్వరరావు 1935లో 'శ్రీకృష్ణ లీలలు'లో బాలకృష్ణుడి వేషం కట్టారు. తర్వాత కలకత్తా వెళ్లి న్యూ థియేటర్స్ వారి పాట ఒంటబట్టించుకుని వచ్చారు. 1948 నాటి జెమినీ 'చంద్రలేఖ'కు ఎం.డి. పార్థసారథితో కలిసి పనిచేసినప్పుడు కర్ణాటకమూ హిందుస్తానీయే కాక లాటిన్ అమెరికా లయలూ పాశ్చాత్య వాల్ట్‌జులూ కలిపారు. అది హంగు కోసం చేసిన కలపడం. నాకంత రుచించదు. మూడేళ్లకే వచ్చిన 'మల్లీశ్వరి'లో ఆ హంగంతా అణిగిపోయి పాట మిగిలింది.

ఆయన పనితనం తెలియాలంటే 'పూజాఫలం' (1964)లోని పియానో పాట వినాలి. ఎస్. జానకి పాడిన 'పగలే వెన్నెల' హిందోళంలో కట్టింది. రిషభం, పంచమం లేని అయిదు స్వరాల రాగం అది. పియానో మీద సరైన చోట షడ్జం పెట్టుకుంటే, నల్ల మెట్లు అయిదింటితోనే హిందోళం పలుకుతుంది. ఐరోపా వాయిద్యం లోపలే మన రాగం ఉంది. అయితే పియానో మెట్టు నొక్కితే స్వరం నిలబడుతుందే గానీ ఊగదు. గమకం రాదు. ఆ పనిని జానకి గొంతుకు అప్పగించి, పియానోను దానికి చేతనైనంత వరకే మాట్లాడించారు. ఏ వాయిద్యం ఏం చేయలేదో తెలిసినవాడికే ఇలాంటి పంపకం తోస్తుంది. అన్ని వాయిద్యాలు నేర్చినందుకు అసలు ఫలం ఇదే అనుకుంటాను. గాయనీ వాయిద్యకారులూ ఒకే గదిలో కలిసి రికార్డు చేసే రోజుల్లో ఆ తెలివి లేకపోతే పూట గడవదు కూడా.

గోగుల తీరు వేరు. 1996లో 'ఆయే లైలా' అనే పాప్ ఆల్బమ్‌తో మొదలైనవారు కాబట్టి రాక్‌ను మన రాగంలో ముంచి తీయాలని చూడలేదు. 'తమ్ముడు' (1999)లో హీరో కిక్‌బాక్సింగ్ సాధన చేసే ఘట్టానికి పూర్తిగా ఇంగ్లిష్‌లో ఒక పాట పెట్టి, తానే పాడారు. రాజేశ్వరరావైతే ఆ పని చేసేవారు కాదు. పరాయిదాన్ని మన చీర కట్టించి తీసుకురావడం ఆయన మర్యాద. గోగుల దాన్ని జీన్స్‌లోనే నిలబెట్టారు. దీన్ని లోపమనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. అమెరికాతో రాత్రిపూట కాల్ మాట్లాడి పొద్దున ఇంట్లో ఉప్మా తినే ఊరికి అదే నిజాయితీ. పైగా సన్నగా, కాస్త ముక్కులోంచి పలికే ఆ గొంతు నేపథ్య గాయకుడి గొంతు కాదు. దాన్ని దిద్దకుండా వదలడమే ఆయన చేసిన సాహసం.

ఒప్పుకోవలసింది ఇంకొకటుంది. 'బద్రి' (2000) తర్వాత 'జానీ', 'లక్ష్మీ', 'యోగి' వచ్చాయి గానీ ఆ పద్ధతి పెరగలేదు. మధ్యమధ్య ఆయన టెక్నాలజీ వ్యాపారాల వైపు వెళ్లిపోయారు. రాజేశ్వరరావుకు అలా వెళ్లడానికి మరో ఇల్లు లేదు. ట్యూను తర్వాత ట్యూను కట్టక తప్పని ఆ నిర్బంధంలోంచే 'మిస్సమ్మ' (1955) వచ్చింది. అందులోని బృందావనం పాట వరుసను రెండేళ్లకు హిందీ 'మిస్ మేరీ'లో హేమంత్ కుమార్ వాడుకున్నారు. గోగులేమో 2025 సంక్రాంతి సినిమాలో భీమ్స్ కట్టిన గోదారి గట్టు పాటకు గొంతు మాత్రం ఇచ్చి మళ్లీ ఊరూరా వినిపించారు.

ఐటీ ఆఫీసుల బ్యాండ్లు వాయించడానికి గోగుల పాటలు తేలిక, అవి పుట్టిందే గిటారు కార్డుల మీద. 'పగలే వెన్నెల'తోనే చిక్కు. షడ్జం మీద మామూలు మైనర్ కార్డు పట్టగానే రాగంలో లేని పంచమం వచ్చి కూర్చుంటుంది.