తెల్లబడ్డ సీసం

వర్జీనియాలోని షాంటిలీ, సెంటర్‌విల్, మనాసస్ పేర్లు అమెరికాలో బంధువులున్న తెలుగువాళ్లు చాలామంది వినే ఉంటారు. అక్కడ పెరట్లో కరివేపాకు మొక్కకి గొయ్యి తవ్వితే సీసపు ముద్ద ఒకటి బయటపడినా ఆశ్చర్యం లేదు. 1861 జూలై 21న అమెరికా అంతర్యుద్ధంలో తొలి పెద్ద పోరు జరిగింది మనాసస్ దగ్గరే. ఆ చలికాలమంతా దక్షిణాది సైన్యం సెంటర్‌విల్‌లోనే మకాం వేసింది. మరుసటి ఏడాది సెప్టెంబర్ 1న, గాలివానలో, షాంటిలీలో మళ్లీ కాల్చుకున్నారు.

ఆ తూటాల్ని ఏరి దాచుకునేవాళ్ల లోకం ఒకటుంది. రెండో ప్రపంచయుద్ధం అయ్యాక సైన్యం అమ్మేసిన మందుపాతర డిటెక్టర్లు కొని పొలాల మీద పడ్డవాళ్లు దీనికి ఆద్యులు. పని చూడ్డానికి తేలిక. డిటెక్టర్ పళ్లేన్ని నేలకి ఆనీ ఆనకుండా అటూ ఇటూ నెమ్మదిగా తిప్పాలి. ఇనుప మేకుకి ఒక మోత, సీసానికి ఇంకో మోత. ఒకప్పుడు కూల్‌డ్రింక్ డబ్బా మీంచి లాగి పారేసిన అల్యూమినియం రింగు మాత్రం అచ్చం సీసంలాగే కూసి పొద్దంతా తవ్విస్తుంది.

ఎక్కువగా దొరికేది ‘మినీ బాల్’. బొటనవేలి చివరి కణుపంత ఉంటుంది కదా అని ఆ మినీ చిన్నదనే అర్థంలో వచ్చింది కాదు. ఫ్రెంచి సైనికాధికారి మినియే పేరు అమెరికన్ల నోట అలా నలిగింది. దాని తెలివంతా అడుగున ఉన్న గుంటలో ఉంది. తూటా తుపాకీ గొట్టం కన్నా కాస్త సన్నం, అందుకే పైనుంచి వేస్తే సులువుగా దిగుతుంది. మందు పేలగానే ఆ వాయువు గుంటలోకి తన్ని అంచుల్ని వెడల్పు చేస్తుంది. అప్పుడవి గొట్టంలోని మెలిగాడుల్ని పట్టుకుంటాయి, తూటా గిరగిరా తిరుగుతూ దూరం పోతుంది. మినియే ఆ గుంటలో చిన్న ఇనుప గిన్నె పెట్టాడు. అదీ అక్కర్లేదని హార్పర్స్ ఫెర్రీ ఆయుధాగారంలో జేమ్స్ బర్టన్ తేల్చాడు. మెత్తని సీసం ఎముకకి తగిలితే చదునై దాన్ని పిండి చేసేది. ఆ యుద్ధంలో అన్ని కాళ్లూ చేతులూ కోసెయ్యాల్సి రావడానికి ఇదో ముఖ్య కారణం.

చుట్టూ మూడు గీతలుంటే ఎక్కువగా అమెరికన్ స్ప్రింగ్‌ఫీల్డ్ తరహా. గీతల్లేకుండా నున్నగా ఉంటే ఎన్‌ఫీల్డ్ తరహా. ఈ ఎన్‌ఫీల్డ్ మనకి బాగా తెలిసినదే. 1857లో మన సిపాయిలు నోటితో కొరకబోమన్న కొవ్వు పూసిన కాగితపు పొట్లం ఈ తుపాకీదే. నాలుగేళ్లు తిరిగేసరికి అమెరికాలో రెండు పక్షాలూ దాన్ని తెప్పించుకున్నాయి. అడుగున జింకు బిళ్ల ఉంటే అది విలియమ్స్ తూటా, గొట్టంలో పట్టిన మసిని గీకడానికి చేసింది. ఇలాంటి రకాలన్నిటికీ మెక్కీ, మేసన్ రాసిన పుస్తకంలో నంబర్లున్నాయి. సేకర్తలు కలిస్తే ఆ నంబర్లతోనే మాట్లాడుకుంటారు.

రకం తెలిశాక దాని చరిత్ర చదవాలి. ఆకారం చెడకపోతే జేబులోంచి జారింది. పక్కన గాడుల గుర్తులుంటే పేలింది. ముక్కు మీద మర తిప్పిన రంధ్రముంటే, మందు తడిసి పేలకపోతే మరమేకు దింపి బయటికి లాగింది. శిబిరాల్లో చదరంగం బంటుగానో గాలానికి బరువుగానో చెక్కినవీ దొరుకుతాయి. పంటిగాట్లున్న తూటా చూపించి, కాలు కోస్తుంటే సైనికుడు కొరికిందని అమ్మేవాళ్లున్నారు. ఆ గాట్లు చాలావరకు పందులవి. సైనిక వైద్యుల దగ్గర మత్తుకి క్లోరోఫాం ఉండేది.

మట్టిలో ఏళ్లు గడిచిన సీసానికి తెల్లటి పొర పడుతుంది. కొత్తవాడు చేసే మొదటి తప్పు దాన్ని తోమెయ్యడం. నీళ్లు, మెత్తని బ్రష్షు చాలు, తర్వాత చేతులు బాగా కడుక్కోవాలి. ఫిరంగి గుండు దొరికితే మాత్రం ముట్టకూడదు. లోపలి మందు ఇంకా బతికుండొచ్చు. అంతర్యుద్ధం నాటి గుండొకటి 2008లో వర్జీనియాలో అనుభవమున్న సేకర్తనే బలి తీసుకుంది.

నా దృష్టిలో తూటాకన్నా విలువైనది అది దొరికిన చోటు. 1876లో కస్టర్ అనే అమెరికన్ సైనికాధికారి దళం తుడిచిపెట్టుకుపోయిన మొంటానాలోని లిటిల్ బిగ్‌హార్న్‌లో 1983లో గడ్డి తగలబడి నేల బయటపడింది. డగ్లస్ స్కాట్, రిచర్డ్ ఫాక్స్ అనే పురావస్తు పరిశోధకులు డిటెక్టర్ పట్టడం తెలిసిన ఔత్సాహికుల్నే పిలిచి, మోగిన ప్రతిచోటా జెండా గుచ్చి కొలతలు రాయించారు. తుపాకీ పిన్ను ఖాళీ తూటా తొడుగుల మీద వదిలే ముద్ర ఏ తుపాకీకి ఆ తుపాకీదే. ఒకే ముద్ర ఉన్న తొడుగులు ఎక్కడెక్కడ పడ్డాయో కలుపుకుంటూ పోతే ఒక మనిషి నడిచిన దారి కనిపించింది. కస్టర్ సైనికులు కడదాకా కలిసికట్టుగా నిలిచి పోరాడారన్న కథకి బదులు వరస చెదిరిపోయిన ఆనవాళ్లు ఫాక్స్‌కి దొరికాయి. ముందే ఎవరో వాటిని ఏరుకుపోయి ఉంటే?

అందుకే జాతీయ పార్కుల్లో ఈ పని నేరం, 1979 నాటి ఫెడరల్ చట్టమూ ఉంది. సొంతదారు సరేనంటే ప్రైవేటు నేలలో తవ్వుకోవచ్చు. ఆ వెసులుబాటు మీద పురావస్తు శాస్త్రవేత్తలు మండిపడతారు. బుల్డోజర్ వచ్చేలోపు మేమే కాపాడామని సేకర్తలంటారు. నాకిద్దరి మాటా కొంత నిజమే అనిపిస్తుంది. షాంటిలీ రణరంగంలో ఇవాళ పార్కుగా మిగిలింది అయిదెకరాలు కూడా లేదు. తక్కినదంతా దుకాణాలు, ఇళ్లు, రోడ్లు. తవ్విన చోటల్లా గుర్తు పెట్టుకుని నోటుపుస్తకంలో రాసినవాడి దగ్గర ఆ పోరాటం ఆనవాలు ఎంతో కొంత ఉన్నట్టే. తెచ్చినవన్నీ గాజు సీసాలో పోసుకున్నవాడి దగ్గర ఉన్నది సీసం, సీసా.