నాళం చిరిగితే ఒళ్లంతా చూడాలి

గుండెకు రక్తం అందించే కరొనరీ ధమని గోడలో మూడు పొరలుంటాయి. ఆ పొరల నడుమ రక్తం చేరి గోడ ఉబ్బితే లోపలి దారి ఇరుకై గుండెపోటు వస్తుంది. కొవ్వు పేరుకోకుండా, దెబ్బ తగలకుండా దానంతటది జరిగే ఈ చీలికను ‘స్కాడ్’ అంటారు. 1931లో 42 ఏళ్ల స్త్రీకి జరిపిన శవపరీక్షతో ఇది వైద్య పత్రికల్లోకి ఎక్కింది. బాధితుల్లో పదింట తొమ్మిది మంది స్త్రీలే. చాలామందికి షుగర్ గానీ పొగతాగే అలవాటు గానీ ఉండదు. ఛాతీనొప్పితో వచ్చిన నడివయసు స్త్రీని, బాలింతను ఈసీజీ కూడా తీయకుండా గ్యాస్ అని పంపేయడం క్షమించరాని తొందరపాటు.

గోడ ఎందుకు చీలుతుంది? ప్రసవానంతర కాలం, తీవ్రమైన మనోవేదన, విపరీతమైన శారీరక శ్రమ కొందరిలో ముందు కనిపిస్తాయి. ఫైబ్రోమస్క్యులర్ డిస్‌ప్లేసియా అనే ధమనుల లోపం ఎక్కువ మందిలో బయటపడుతుంది. పుట్టుకతో వచ్చే సంయోజక కణజాల వ్యాధుల వాటా నూటికి ఐదు కూడా ఉండదు. అయినా వెతకాల్సిందే. ఎందుకంటే వాటిలో బలహీనత ఒక్క నాళానిది కాదు. వాస్కులర్ ఎహ్లర్స్-డాన్లోస్‌లో మూడోరకం కొల్లాజెన్, మార్ఫాన్‌లో ఫైబ్రిలిన్-1 లోపిస్తాయి. లోయిస్-డైట్జ్ కూడా ఈ కోవదే. ధమనులు ఎక్కడైనా ఉబ్బవచ్చు, చిరగవచ్చు.

వెతకడం మొదలయ్యేది కళ్లతోనే. చర్మం పలచబడి సిరలు స్పష్టంగా కనిపిస్తున్నాయా, చిన్న తాకిడికే కమిలిపోతోందా? చాచిన చేతుల కొలత ఎత్తును మించిందా, కంటి కటకం జారిందా? నోరు తెరిపించి టార్చ్ వేస్తే కొండనాలుక రెండుగా చీలి ఉందా? ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా పోయారా, పేగు గానీ గర్భసంచి గానీ పగిలిందా? ఈ సంయోజక కణజాల వ్యాధులు మేనరికంతో వచ్చే జబ్బులు కావు. తల్లికో తండ్రికో ఉంటే ప్రతి బిడ్డకూ సగం అవకాశం ఉంటుంది. వాస్కులర్ ఎహ్లర్స్-డాన్లోస్ సుమారు సగం మందిలో కొత్త జన్యుమార్పుతోనే మొదలవుతుంది. కాబట్టి వంశంలో లేదన్న మాట భరోసా కాదు.

పేరు తెలిస్తే వైద్యం మారుతుంది. స్టెంట్ వేయబోతే చీలిక ఇంకా సాగవచ్చు. రక్తప్రసారం నిలకడగా ఉంటే వేచిచూడడమే మేలు. చాలా చీలికలు కొన్ని వారాల్లో, నెలల్లో వాటంతటవే మానతాయి. వాస్కులర్ ఎహ్లర్స్-డాన్లోస్ ఉన్నవారికి కాథెటర్ గుచ్చడమే ప్రమాదం కావచ్చు. తల నుంచి కటి వరకు ధమనులను స్కాన్‌లో చూడాలి, బీపీ అదుపులో ఉంచాలి. మళ్లీ గర్భం దాల్చే ముందు నిపుణులతో మాట్లాడాలి. జన్యులోపం తేలితే తల్లిదండ్రులకు, తోబుట్టువులకు, పిల్లలకు కూడా రక్తపరీక్ష చేయించాలి.