రోబో కీళ్లలోని తీగలు

2022 మార్చి మొదట్లో జర్మనీలోని జ్వికావ్‌లో ఫోక్స్‌వాగన్ విద్యుత్ కార్ల ఫ్యాక్టరీ ఆగిపోయింది. రోబోలన్నీ సిద్ధంగానే ఉన్నాయి. రానివి వైర్ల కట్టలు. కారు ఒళ్లంతా పాకే ఆ కట్టల్ని పరిశ్రమలో హార్నెస్ అంటారు. వాటిని పశ్చిమ ఉక్రెయిన్‌లోని స్ట్రీయ్ వంటి పట్టణాల్లో లియోని తదితర సంస్థలు తయారుచేసి పంపేవి. ఫిబ్రవరి 24న యుద్ధం మొదలవగానే ఆ సరఫరా తెగిపోయింది. పనిని మరో దేశానికి మార్చడమూ ఒక్కరోజులో అయ్యేది కాదు. ఎందుకంటే హార్నెస్‌ను ఇప్పటికీ చాలావరకు మనుషులే చేతులతో కడుతున్నారు.

ఇనుప రేకును వెంట్రుకవాసి తేడా లేకుండా పట్టుకునే రోబోకు వైరు లొంగదు. రేకు ఎప్పుడూ ఒకే ఆకారంలో ఉంటుంది. వైరు మాత్రం ఎత్తిన ప్రతిసారీ కొత్త రకంగా వంగుతుంది, చుట్టుకుంటుంది, జారుతుంది. దాన్ని వేళ్లతో తడిమి, కళ్లతో చూసి, అప్పటికప్పుడు సర్దుకోవాలి. కోయడం, ఒలవడం, చివర టెర్మినల్ అనే లోహపు కొనను నొక్కడం యంత్రాలు చేస్తాయి. వందలాది వైర్లను దారి తప్పకుండా పేర్చి, కట్టి, కనెక్టరులో గుచ్చే పని దగ్గరికి వచ్చేసరికి మనిషే కావాలి. రోబో ఒంట్లో పరుగెత్తే కేబుళ్లదీ ఇదే కథ. అవి కొద్ది సంఖ్యలో, ఒక్కో యంత్రానికి ఒక్కో కొలతతో కావాల్సి వస్తాయి కాబట్టి వాటిలో చేతిపని వాటా ఇంకా ఎక్కువ.

1961లో అమెరికాలోని న్యూజెర్సీలో జనరల్ మోటార్స్ ఫ్యాక్టరీలో చేరిన యూనిమేట్ రోబో చమురు ఒత్తిడితో కదిలేది. బలాన్ని మోసినవి గొట్టాలు. 1974లో స్వీడన్‌కు చెందిన ఏఎస్‌ఈఏ (ASEA) సంస్థ తెచ్చిన ఐఆర్‌బీ 6 పూర్తిగా కరెంటుతో, మైక్రోప్రాసెసర్ అదుపులో పనిచేసింది. ఆ దారిలోనే తరవాతి రోబోలు నడిచాయి. దాంతో తీగల మీద భారం పెరిగింది. మోటారుకు కరెంటు కావాలి. ఇరుసు ఎంత తిరిగిందో చెప్పే ఎన్‌కోడర్‌కు వేరే తీగలు. బ్రేకుకు, చివరన ఉండే గ్రిప్పరుకు, కెమెరాకు మరికొన్ని. ఇవన్నీ కలిసి కీళ్ల గుండానో, చేతి పక్కగానో సాగుతూ చెయ్యి కదిలిన ప్రతిసారీ తామూ కదలాలి.

ఇంటి గోడలోని వైరు ఒకసారి వంగితే జీవితాంతం అలాగే ఉంటుంది. రోబో కేబుల్‌కు ఆ విశ్రాంతి లేదు. వంగినప్పుడు బయటి అంచున ఉన్న రాగి సాగుతుంది, లోపలి అంచున ఉన్నది నలుగుతుంది. లక్షల సార్లు ఇలా జరిగితే రాగి అలసి విరుగుతుంది. దీనికి విరుగుడు సన్నదనం, పురి. అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 60228లో ఆరో తరగతి తీగలు ఇందుకు ఉన్నాయి. అర చదరపు మిల్లీమీటరు తీగలో ఒక్కో పోచ మందం 0.16 మిల్లీమీటర్లు మించకూడదు. పోచ ఎంత సన్ననైతే వంపులో దాని మీద పడే ఒత్తిడి అంత తక్కువ. వాటిని పురిపెట్టి చుడితే ఏ పోచా ఎప్పుడూ బయటి అంచునే ఉండిపోదు. కాసేపు బయటికి, కాసేపు లోపలికి వస్తూ సాగుడును, నలుగుడును పంచుకుంటుంది.

వంపు ఒక్కటే అయితే ఇంతటితో సరిపోయేది. రోబో మణికట్టు మెలికలు కూడా తిప్పుతుంది. మీటరు పొడవున అటు 180, ఇటు 180 డిగ్రీల మెలికను తట్టుకునే కేబుళ్లను ప్రత్యేకంగా తయారుచేస్తారు. వాటిలో తీగలు ఒకదానిమీద ఒకటి జారేందుకు మధ్యలో నున్నటి టేపు చుడతారు. విద్యుత్ గోలను అడ్డుకునే షీల్డును జడలా అల్లితే మెలికలో త్వరగా చిరుగుతుంది. అందుకే మెలిక ఎక్కువున్న చోట సన్న తీగల్ని ఒకే దిశలో చుట్టిన షీల్డును వాడతారు. పై తొడుగుకు నూనె, రాపిడి తగిలేచోట పీవీసీకి బదులు పాలీయురేథేన్‌ను ఎంచుతారు. తప్పు కేబుల్‌ను ఎంచుకుంటే అది కొన్నాళ్లకు కార్క్ తీసే మరలా మెలికలు తిరిగి ఉబ్బుతుంది. లోపల తీగలు తెగుతున్నాయన్నదానికి అదే గుర్తు.

పనివాళ్ల చేతికి ఇవన్నీ చేరేది నెయిల్ బోర్డు మీద. అసలు కొలతలో గీసిన పటాన్ని చెక్కకు అంటించి, వంపుల దగ్గర మేకులు కొడతారు. ఒక్కో వైరూ ఏ మేకు పక్కగా పోవాలో, ఏ చోట చీలాలో అందులో ఉంటుంది. రోబోకైతే పొడవు లెక్క మరీ సున్నితం. చెయ్యి పూర్తిగా చాచినప్పుడు కేబుల్ లాక్కోకూడదు, ముడుచుకున్నప్పుడు మిగిలిన వదులు ఎక్కడా ఇరుక్కోకూడదు.

ఇక క్రింపింగ్. ఈ పనిలో నైపుణ్యమంతా ఇక్కడే తేలుతుంది. 1941లో అంకస్ విటేకర్ స్థాపించిన అమెరికన్ సంస్థ ఏఎంపీ, టంకం లేకుండా టెర్మినల్‌ను తీగకు నొక్కి బిగించే పద్ధతితోనే ఎదిగింది. బలంగా నొక్కితే చాలదు. సరిగ్గా నొక్కినప్పుడు పోచల మధ్య ఖాళీ పోయి, రాగీ టెర్మినల్ లోహమూ ఒకదాన్నొకటి గట్టిగా అదుముకుని ఉంటాయి. గాలి లోపలికి చొరబడదు, తుప్పు పట్టదు. తక్కువ నొక్కితే వదులు. ఎక్కువ నొక్కితే పోచలు సన్నబడి తెగుతాయి. ఈ రెంటి మధ్య ఉన్న హద్దు మిల్లీమీటరులో కొన్ని వందో వంతులు. అందుకే నొక్కిన చోటు ఎత్తును మైక్రోమీటరుతో కొలుస్తారు. వైరు ఒలిచేటప్పుడు పోచలు తెగకుండా, గీత పడకుండా చూడాలి. పోచలు టెర్మినల్ అవతల కాస్త కనిపించాలి, ఇన్సులేషన్ మాత్రం రాగిని నొక్కే భాగంలోకి దూరకూడదు.

కదిలే చోట టంకాన్ని నమ్మరు. కరిగిన టంకం పోచల మధ్యకు పాకి గట్టిపడుతుంది. ఆ గట్టి భాగం ఆగి, మెత్తటి తీగ మొదలయ్యే చోటే మొదట విరుగుతుంది.

కట్ట కట్టడానికి ప్లాస్టిక్ టై ఉండగా దారం దేనికని అనిపించవచ్చు. ఆ టై పుట్టిందే దారం వల్ల. 1956లో థామస్ అండ్ బెట్స్ సంస్థకు చెందిన మారస్ లోగన్ బోయింగ్ ఫ్యాక్టరీకి వెళ్లినప్పుడు, మైనం పూసిన దారంతో ముడులు వేసీవేసీ చేతులు కాయలు కాసిన పనివాళ్లను చూశారు. రెండేళ్లకు టై-ర్యాప్ పేరుతో కేబుల్ టైకి పేటెంట్ దరఖాస్తు చేశారు. అయినా దారం పోలేదు. 2012 ఆగస్టులో అంగారకుడి మీద దిగిన క్యూరియాసిటీ రోవర్ ఫొటోల్లో కేబుళ్లకు దారపు ముడులే కనిపిస్తాయి. దారపు ముడి తేలిగ్గా ఉంటుంది, పదునైన అంచు లేకుండా వైరును ఒరుసుకోకుండా పట్టుకుంటుంది. విడివిడిగా వేసే ఈ ముడులు ఒకటి తెగినా పక్కవి ఊడవు. పూల దండ కట్టే చేతులకు ఉండే ఒడుపే ఇక్కడా పనికొస్తుంది: దారం ఎంత బిగించాలో వేళ్లకు తెలియాలి.

తయారైన హార్నెస్ మంచిదో కాదో తేల్చడానికి ప్రపంచమంతా చూసే పుస్తకం ఒకటుంది. ఐపీసీ, డబ్ల్యూహెచ్‌ఎంఏ అనే పరిశ్రమ సంఘాలు 2002లో తొలిసారి తెచ్చిన ఏ-620 ప్రమాణం అది. మామూలు వస్తువులు, నమ్మకంగా నడవాల్సినవి, ఆగితే ప్రాణాపాయం ఉన్నవి అని మూడు తరగతులుగా విడదీసి, దేనికి ఎంత లోపం ఒప్పుకోవచ్చో బొమ్మలతో చెబుతుంది.

పరీక్షలు సాదాసీదాగా మొదలవుతాయి: ఏ పిన్ను ఏ పిన్నుకు చేరింది, రెండు వైర్లు ఎక్కడైనా కలిశాయా అని టెస్టరు క్షణాల్లో చెప్పేస్తుంది. కానీ సగమే నొక్కుకున్న టెర్మినల్ కూడా ఈ పరీక్ష దాటుతుంది. అందుకే మిల్లీఓముల్లో నిరోధం కొలుస్తారు. ఇన్సులేషన్‌కు సాధారణంగా 500 వోల్టుల డీసీ ఇచ్చి కారుడు చూస్తారు. హైపాట్ పరీక్షలో మామూలుకన్నా చాలా ఎక్కువ వోల్టేజీ ఎక్కించి ఎక్కడా మెరుపు దాటకుండా ఉందా అని చూస్తారు. నమూనా క్రింపులను లాగి తెంపుతారు; 20 గేజు తీగకు యూఎల్ ప్రమాణం అడిగేది 58 న్యూటన్లు, అంటే దాదాపు ఆరు కిలోల బరువు.

రోబోకు ఇది చాలదు, ఎందుకంటే దాని తీగలో తప్పు నిశ్చలంగా ఉన్నప్పుడు దొరకదు. తెగిన పోచలు చెయ్యి ఒక కోణంలో వంగినప్పుడే విడిపోయి, తిన్నగా అయినప్పుడు మళ్లీ తాకుతాయి. రోబో ఆగుతుంది, రీసెట్ చేస్తే నడుస్తుంది, గంట తరవాత మళ్లీ ఆగుతుంది. మల్టీమీటరు పట్టుకున్న మెకానిక్‌కు అంతా సవ్యంగానే కనిపిస్తుంది. కాబట్టి కేబుల్‌ను యంత్రానికి బిగించి, వంచుతూ, మెలితిప్పుతూ, సెకనులో లక్షో వంతు సేపు సిగ్నల్ తెగినా పట్టుకునే పరికరాలతో కనిపెట్టి ఉండాలి. 1964లో మొదలైన జర్మన్ సంస్థ ఇగుస్ కొలోన్‌లో ఇందుకోసమే పెద్ద ప్రయోగశాల నడుపుతోంది. అక్కడ కేబుళ్లు లక్షల, కోట్ల సార్లు కదిలి, విరిగేదాకా లెక్కపెట్టించుకుంటాయి.

తెలుగు నేలకూ ఈ పని దూరం కాదు. అనంతపురం ప్రాంతంలో పెనుకొండ దగ్గరి కియా ఫ్యాక్టరీలో కారు బాడీలను వెల్డింగ్ చేసేవి రోబోలే. శంషాబాద్‌లోని జీఎంఆర్ ఏరోస్పేస్ పార్కులో 2022లో సాఫ్రాన్ సంస్థ విమాన ఇంజన్ల హార్నెస్‌ల కర్మాగారం తెరిచింది. రోబోలు కొనేది ఇక్కడ, కఠినమైన ప్రమాణానికి వైర్లు కట్టగల చేతులూ ఇక్కడే. ఇంజన్ హార్నెస్ దగ్గర నేర్చిన ఒలుపు, క్రింపు, ముడి రోబోకు యథాతథంగా పనికొస్తాయి. అదనంగా నేర్వాల్సింది వంపు వ్యాసార్థం, మెలిక కోణం, కదలికల సంఖ్య చూసి కేబుల్ ఎంచడం, దాన్ని కదిలిస్తూ పరీక్షించడం. పాలిటెక్నిక్, ఐటీఐ వర్క్‌షాపుల్లో ఒక నెయిల్ బోర్డు, ఒక క్రింప్ మైక్రోమీటరు, మోటారుతో వంచే చిన్న పరీక్షా యంత్రం పెడితే ఆ చదువును రేపే మొదలుపెట్టవచ్చు.