మదురై వెలి వీధుల నుంచి వియన్నా రింగ్ దాకా

యూరప్‌లోని ఒక మహానగరాన్ని ఖర్చుకు వెనుకాడకుండా, తొందర లేకుండా చూసి రావాలన్న కోరిక కోయంబత్తూరు, మదురై ప్రాంతాల తెలుగు కుటుంబాలలో ఇప్పుడు అరుదైనది కాదు. 16వ శతాబ్దంలో విశ్వనాథ నాయకుడు మదురైలో అధికారం చేపట్టిన నాటికి కొంచెం ముందు వెనుకలుగా దక్షిణానికి తరలి వచ్చి, ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడుతూ, చాలా చోట్ల తెలుగు మాటను తమిళ లిపిలోనే రాసుకుంటూ స్థిరపడిన కమ్మవారు, బలిజలు, రాజపాళయం రాజులు మొదలైనవారి సంతతి మొదట నల్లరేగడి సేద్యంలోనూ, తరువాత నూలు మిల్లులు, పంపులు, మోటార్ల తయారీలోనూ పేరు తెచ్చుకున్నది. కష్టపడడం ఎలాగో ఈ సమాజానికి ఒకరు నేర్పవలసిన పని లేదు. విశ్రాంతిని ఒక పనిగా ఎంచి, దానికి తగిన ఏర్పాటు చేసుకోవడం మాత్రం ఇంకా అలవాటు కావలసి ఉన్నది. పది రోజులలో ఏడెనిమిది దేశాలు చూపిస్తామనే ప్యాకేజీలో తెల్లవారుజామున సూట్‌కేసు బస్సులోకి ఎక్కించి, రాత్రికి మరో ఊరి హోటల్లో దింపుకొనే పద్ధతిలో ఎన్ని నక్షత్రాల బస దొరికినా, అందులో విలాసం ఉన్నదని అనడం కష్టం. ఎందుకంటే విలాసానికి ముడిసరుకు సమయం; డబ్బు చేయగలిగినది ఆ సమయాన్ని కాపాడడమే.

కోయంబత్తూరు తెలుగువారిలో యూరప్ ప్రయాణం అనగానే మొదట గుర్తుకు వచ్చే పేరు జి.డి. నాయుడు. 1893లో కలంగల్ గ్రామంలో రైతు కుటుంబంలో పుట్టి, ఒక బ్రిటిష్ అధికారి నడిపిన మోటార్‌సైకిల్‌ను చూసి మనసు పడి, కోయంబత్తూరు హోటల్లో పనిచేసి డబ్బు కూడబెట్టి అటువంటిదే కొనుక్కొని, దాన్ని విప్పి మళ్లీ బిగించి యంత్రవిద్య నేర్చుకొన్న ఆయన, 1920లో పొల్లాచ్చి, పళని మధ్య బస్సు నడపడంతో వ్యాపారం మొదలుపెట్టారు. 1936 జనవరిలో లండన్‌లో జరిగిన ఐదవ జార్జి చక్రవర్తి అంత్యక్రియలను తన కెమెరాతో చిత్రీకరించారు. ఆ మరుసటి సంవత్సరం డి. బాలసుందరం నాయుడుతో కలిసి దేశంలో మొదటి విద్యుత్ మోటారును తయారు చేసిన ఘనత కూడా ఆయనకే దక్కింది. ఆ తరానికి యూరప్ ఒక బడి. యంత్రం చూడాలి, నేర్చుకోవాలి, తిరిగి వచ్చి పీళమేడులోనో సింగనల్లూరులోనో అటువంటిది నిలబెట్టాలి. ఆ తపనకు నేటి కోయంబత్తూరు ఎంతో రుణపడి ఉన్నది. అయితే ఆ తరం ఒక యంత్రాన్ని కొనే ముందు ఎంత ఓపికగా విచారించేదో, దాని మనుమలు సెలవును కొనే ముందు అంత విచారించడం లేదన్నది విచారించదగిన సంగతి.

తీరిక ప్రయాణానికి తెలుగులో మంచి పూర్వాదర్శం లేకపోలేదు. మద్రాసు సుప్రీంకోర్టులో ఉద్యోగి అయిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న బయలుదేరి 1831 సెప్టెంబరు 3న తిరిగి వచ్చిన కాశీయాత్ర పదిహేను నెలలు సాగింది. పరివారం, గుడారాలు, బోయీలు, ముందుగా సంపాదించుకొన్న ఉత్తరువులు అన్నీ ఉన్నా, ఆ ఏర్పాటంతా వేగంగా పోవడానికి కాక, నచ్చిన చోట ఆగడానికి ఉపయోగపడింది. ఆగి చూసినందువల్లనే ఆయన దారిలోని నీళ్లు, ధరలు, కులవృత్తులు, వంటలు రాసిపెట్టగలిగారు.

ఈ దృష్టితో ఒకే నగరాన్ని ఎంచుకొని వారం, పది రోజులు అక్కడే ఉండదలచిన మదురై పాఠకునికి వియన్నా అన్ని విధాల తగినది. పారిస్, లండన్, రోమ్ ఏ విధంగానూ తక్కువ కావు. కాని వియన్నా ఆకారం మదురైలో పెరిగినవారికి సగం తెలిసినదే. మీనాక్షి సుందరేశ్వరుల ఆలయం చుట్టూ ఆడి, చిత్తిరై, ఆవణి మూల, మాసి వీధులు ఒకదాని వెలుపల ఒకటిగా చతురస్రాలై పరుచుకొని ఉంటాయి. అన్నింటికీ వెలుపలివి వెలి వీధులు. ఆ వెలి వీధులు ఉన్న మేర ఒకప్పుడు నాయకరాజుల కోటగోడ, దాని చుట్టూ అగడ్త, అంటే నీటితో నింపిన కందకం, ఉండేవి. 1834 నుంచి 1847 వరకు కలెక్టరుగా ఉన్న జాన్ బ్లాక్‌బర్న్ ఊరు ఇరుకైపోయిందని గోడ పడగొట్టించి, అగడ్త పూడ్పించారు. పూడ్చిన నేలను పూడ్చినవారికే ఇచ్చే పద్ధతి పెట్టడంతో పని త్వరగా జరిగింది. కొలతలు వేసిన మారెట్, మేస్త్రి పెరుమాళ్ పేర్లు నేటికీ మారెట్ వీధి, పెరుమాళ్ మేస్త్రి వీధి అని పలకలపై నిలిచి ఉన్నాయి.

వియన్నాలో ఇదే పని కొంత ఆలస్యంగా, చాలా పెద్ద ఎత్తున జరిగింది. 1683లో తురుష్క సైన్యం ముట్టడిని తట్టుకొన్న బురుజులు, వాటి ముందు ఫిరంగి గుళ్లకు అడ్డు లేకుండా ఖాళీగా ఉంచిన మైదానం ఇక అక్కరలేదని చక్రవర్తి ఫ్రాంజ్ జోసెఫ్ 1857 డిసెంబరులో ఉత్తరువు ఇచ్చారు. గోడలు తీసిన చోట వేసిన వలయాకారపు రాజవీధినే రింగ్‌స్ట్రాస అంటారు; 1865 మే 1న దాన్ని ప్రారంభించారు. మైదానాన్ని ప్లాట్లుగా ధనికులకు అమ్మి, వచ్చిన సొమ్ముతో ఒపెరా, మ్యూజియంలు మొదలైన ప్రజాభవనాలు కట్టారు. నేల ఇచ్చి పని చేయించుకొనే కిటుకు రెండు ఊళ్లలోనూ ఉన్నది. మదురైలో అది ఇళ్లనిచ్చింది, వియన్నాలో సంగీతశాలలనిచ్చింది. కాబట్టి మొదటి రోజు మ్యాప్ పట్టుకొని గడియారం చూసుకొంటూ తిరగవలసిన అవసరం లేదు. రింగ్ మీద ట్రామ్ ఎక్కి కిటికీ పక్కన కూర్చుంటే ఒపెరా, హోఫ్‌బర్గ్ రాజప్రాసాదం, పార్లమెంటు, నగర సభాభవనం వరుసగా కదిలిపోతాయి. లోపలికి వెళ్తే పాత ఊరు, బయటికి వెళ్తే కొత్త ఊరు అన్న లెక్క మాసి వీధిలో నడిచినవారికి వెంటనే పట్టుబడుతుంది.

ఖర్చు ఎక్కడ పెట్టాలన్నది తరువాతి ప్రశ్న. హోటల్ ఇంపీరియల్, వుర్టెంబర్గ్ ప్రభువు కోసం కట్టిన భవనం, 1873 ప్రపంచ ప్రదర్శన సందర్భంగా హోటల్‌గా మారింది. ఒపెరా వెనుకనున్న సాఖర్ 1876 నాటిది. వీటిలో దిగడం వల్ల కలిగే అసలు ప్రయోజనం పాలరాతి మెట్లు, వెండి సామాను మాత్రమే కాదు. బస రింగ్ మీదనో, దాని లోపలో ఉంటే అమ్మమ్మ, తాతయ్య మధ్యాహ్నం గదికి వచ్చి రెండు గంటలు నడుము వాల్చి, సాయంత్రం మళ్లీ బయటికి రాగలుగుతారు. ఊరి చివరి హోటల్లో మిగిల్చిన డబ్బు రోజూ రెండు గంటల ప్రయాణంగా, నొప్పిపుట్టే మోకాళ్లుగా వసూలవుతుంది. విమానాశ్రయం నుంచి కారు, ఒక పూట విషయం తెలిసిన గైడు, ఒపెరాలో మంచి సీటు: పెద్ద ఖర్చు ఈ మూడింటి మీద పెట్టి, తక్కిన చోట్ల సాధారణంగా ఉన్నా ప్రయాణానికి లోటు రాదు.

కాలభేదాన్ని లెక్కలోకి తీసుకోకుండా వేసిన పథకం మొదటి సాయంత్రమే బెడిసికొడుతుంది. వేసవిలో వియన్నా గడియారం మనకంటే మూడున్నర గంటలు వెనుక ఉంటుంది. అక్కడ రాత్రి 7 గంటలకు ఒపెరా తెర లేచే వేళకు కోయంబత్తూరు శరీరానికి పదిన్నర. ఖరీదైన సీటులో నిద్రపోవడం ఖాయం. అందువల్ల ఒపెరాను మూడవ రాత్రికో నాలుగవ రాత్రికో పెట్టుకోవాలి. అదే తేడా ఉదయం మేలు చేస్తుంది: తెల్లవారి ఐదింటికే మెలకువ వస్తుంది కనుక, జనం రాకముందే సెయింట్ స్టీఫెన్ కెథడ్రల్ చుట్టుపక్కల సందులను నిశ్శబ్దంగా చూడవచ్చు. 1869లో ప్రారంభమై, 1945 మార్చి బాంబుదాడిలో కాలిపోయి, 1955లో మళ్లీ తెరుచుకొన్న ఒపెరా భవనంలో కూర్చునేవారు, యుద్ధానంతరం ఒక నగరం ఎంత పట్టుదలతో తన పాటను తిరిగి నిలబెట్టుకొన్నదో ఆ గోడల మధ్య గ్రహించగలుగుతారు. టిక్కెట్లు నెలల ముందే కొనుక్కోవడం మంచిది. ఆదివారం దుకాణాలు మూసి ఉంటాయి కనుక ఆ ఉదయాన్ని 1498లో ఏర్పడిన బాలగాయకుల బృందం హోఫ్‌బర్గ్ ప్రార్థనాలయంలో పాడే ఆరాధనకు కేటాయించవచ్చు.

మ్యూజియం విషయంలో తీరిక మరీ అవసరం. కున్స్ట్‌హిస్టోరిషెస్ మ్యూజియం, అంటే కళాచరిత్ర మ్యూజియం, 1891లో ప్రజలకు తెరుచుకొన్నది. దాన్నంతా ఒక్క పూటలో చుట్టినవారికి కాళ్ల నొప్పి తప్ప మిగిలేది కొంచెమే. ఒక్క గది చాలు. పీటర్ బ్రూగెల్ చిత్రాలు ప్రపంచంలో మరెక్కడా లేనన్ని ఉన్న ఆ గదిలో 1565 నాటి ‘మంచులో వేటగాళ్లు’ ముందు కూర్చుంటే, తలలు వంచుకొని వెనుదిరిగిన వేటగాళ్లు, వారి వెంట కాళ్లు ఈడ్చుకుంటూ నడిచే కుక్కలు, ఒకని భుజాన వేలాడే ఒకే ఒక్క నక్క, కింద గడ్డకట్టిన చెరువుల మీద ఆడుకొనే చీమలంత మనుషులు ఒకరి తరువాత ఒకరు కంటపడతారు. దాని దగ్గరలోనే 1563 నాటి ‘బాబెల్ గోపురం’ ఉంటుంది: మేఘాలను తాకినా పూర్తికాని కట్టడం, అందులో రాళ్లెత్తే యంత్రాలు, ఎడమ మూలన రాజు ముందు మోకరిల్లిన శిల్పులు. మదురైలో పుదుమండపానికి తూర్పున తిరుమల నాయకుడు మొదలుపెట్టి అసంపూర్తిగా మిగిలిన రాయగోపురపు ఏకశిలా స్తంభాలను చూసినవారికి ఈ చిత్రం పరాయిదిగా తోచదు. పిల్లలకు ఈ పోలిక చెప్పగల తల్లిదండ్రులు వెంట ఉంటే ఆడియో గైడు అక్కరలేదు. గురువారాల్లో మ్యూజియం రాత్రి 9 గంటల వరకు తెరిచి ఉంటుంది కనుక, పగలు విశ్రాంతి తీసుకొని సాయంత్రం వెళ్లడం ఉత్తమం.

మిగిలిన పగళ్లకు కాఫీ హౌసులున్నాయి. ఒక కప్పు కాఫీ తెప్పించుకొని ఎంతసేపు కూర్చున్నా లేవమనని ఈ సంప్రదాయాన్ని 2011లో యునెస్కో ఆస్ట్రియా జాతీయ అమూర్త వారసత్వ జాబితాలో చేర్చారు. చిన్న వెండి పళ్లెంలో పాలు కలిపిన మెలాంజ్ కప్పు, దాని పక్కన గ్లాసు నిండా నీళ్లు, గ్లాసు అంచుల మీద అడ్డంగా బోర్లించిన చెంచా వస్తాయి. కర్రకు బిగించిన వార్తాపత్రికలు గోడకు వేలాడుతుంటాయి. డబరా గ్లాసులో నురగ కట్టించిన డికాషన్ కాఫీ అలవాటైనవారికి ఆ రుచి కొంత పల్చన అనిపించవచ్చు. ఆ గ్లాసులోని నీళ్లను మాత్రం కోయంబత్తూరు వారు అభినందించక మానరు. శిరువాణి నీటి తీపి గురించి గర్వంగా చెప్పుకొనే ఊరివారు వారు. వియన్నా నీళ్లు కూడా కొండలవే, 1873లో మొదలైన కాలువ గుండా ఆల్ప్స్ ఊటల నుంచి పంపుల సాయం లేకుండా వాలు మీదనే ప్రవహించి వస్తాయి. పంపుల తయారీకి పేరుపడిన నగరం నుంచి వెళ్లినవారు ఈ ఏర్పాటును గురించి ఒక పూట విచారించడం కూడా తీరిక ప్రయాణంలో భాగమే, జి.డి. నాయుడు కుతూహలం అక్కడ అక్కరకు వస్తుంది.

ఇక కాగితాల పని. ఆస్ట్రియాకు షెంజెన్ వీసా కావాలి. ఒకే వీసాతో ఒప్పందంలోని యూరప్ దేశాలన్నింటిలోనూ, 180 రోజుల వ్యవధిలో 90 రోజులకు మించకుండా తిరగడానికి అది అనుమతి. ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటే ఆ దేశానికే దరఖాస్తు చేయాలన్న నియమం ఉన్నందున, ఏడు దేశాలు చుట్టేవారు రాత్రులు లెక్కపెట్టుకోవలసి వస్తుంది; ఒకే నగరంలో ఉండేవారికి ఆ చిక్కే లేదు. పెద్దలకు రుసుము 90 యూరోలు; కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులకు సరిపడే బీమా తప్పనిసరి; గడచిన 59 నెలల్లో వేలిముద్రలు ఇవ్వనివారు స్వయంగా వెళ్లి ఇవ్వాలి. ప్రయాణానికి ఆరు నెలలకు ముందు దరఖాస్తు తీసుకోరు, పదిహేను రోజుల లోపు ఇస్తే సాధారణంగా చెల్లదు.

జూలై, ఆగస్టు నెలల్లో వియన్నా ఒపెరాకు సెలవు కనుక, తమిళనాడు బడులకు సెలవులుండే మే నెలే ఈ ప్రయాణానికి సరైన కాలం. మదురై కుటుంబాలు చిత్తిరై పౌర్ణమినాడు అళగర్ వైగై నదిలో దిగడం చూసుకొని, అగ్ని నక్షత్రపు ఎండలు ముదిరే వేళకు బయలుదేరవచ్చు. అందుకు బ్యాంకు పత్రాలు, ఆదాయపు పన్ను రిటర్నులు, పెద్దల పాస్‌పోర్టు గడువులు సరిచూసుకొనే పనిని దీపావళి టపాకాయల పొగ ఆరీ ఆరకముందే మొదలుపెట్టాలి.