మిల్లీగ్రాముల మేస్త్రీ

లారీ ఇంజన్‌లోని టర్బో రోటరు చేతిలో పట్టేంతే. కానీ నిమిషానికి లక్ష చుట్ల దాకా తిరుగుతుంది. ఆ వేగంలో ఇరుసు నడిమికి 2 సెంటీమీటర్ల దూరాన ఒక్క గ్రాము ఎక్కువున్నా, దాదాపు 220 కిలోల బరువంత బలంతో పక్కకు గుంజుతుంది. వేగం రెట్టింపైతే ఆ గుంజుడు నాలుగింతలు.

అందుకే బాలెన్సింగ్ చేసే మెకానిక్ అంటే నాకు గౌరవం. రోటరును మిషన్‌పై తిప్పి, వణుకు ఎటు నుంచో కనిపెట్టి, అక్కడ పిసరంత లోహం అరగదీస్తాడు. మళ్లీ తిప్పుతాడు, మళ్లీ చూస్తాడు. ఎక్కువ తీస్తే చక్రం బలం తగ్గుతుంది, తక్కువ తీస్తే వణుకు పోదు.

ఒక వేగం దగ్గర విపరీతంగా ఊగే ఇరుసు, అది దాటగానే ఎందుకు కుదుటపడుతుందో 1919లో జెఫ్‌కాట్ అనే ఇంజనీరు లెక్కగట్టి చెప్పాడు. మన మేస్త్రీ ఆ ఊగుడును వేళ్లతో చదువుతాడు. బండి ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే టర్బో నుంచి సన్నని ఈల తప్ప ఏమీ వినపడదు. ఆ నిశ్శబ్దమే ఆయన సంతకం.